గురువారం మా ఇంటికొచ్చే పాస్టరమ్మ గారు

మొన్న మంగళవారం. పొద్దున్నే చేసిన పనులు: దుప్పట్లు ఉతికి ఆరేశాను. మినప్పప్పు డాబా మీద ఎండబోశాను. గ్యాసు బండ మార్చాను. బీరకాయలు చెక్కు తీసి, ఆ చెక్కు పచ్చడికి పక్కన పెట్టాను. ముక్కలు పోపులో వేసి మూత పెడుతుంటే ఫోన్ మోగింది. మా చర్చి సంఘంలోని ఒకావిడ, పాస్టర్ గారి ఇంటి పక్కనే ఉంటుంది.

"పాస్టరమ్మ గారు ఇక లేరండి. తెల్లారుజామున, రాజమండ్రి ఆసుపత్రిలోనే," అంది.

స్టవ్ కట్టేశాను. మావారు ఇక్కడే మండపేటలో ఒక రైస్ మిల్లులో గుమస్తా. ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. అవతల మిల్లు రొద వినిపిస్తోంది.

"విన్నారా?"

"విన్నాను. అయ్యగారి దగ్గర ఎవరున్నారు?"

"ఎవరో ఒకరు ఉంటారు లెండి."

"అది కాదు. ఆయనకి చెప్పారా?"

"చెప్పారటండి. అర్థమైందో లేదో తెలీదంట."

అయ్యగారంటే పాస్టర్ గారు, పాస్టరమ్మ గారి భర్త. ఆయనకు మతిమరుపు జబ్బు వచ్చి కొన్నేళ్ళయింది. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి ఉండదు. మావారు "సరే" అని ఫోన్ పెట్టేశారు. సగం ఉడికిన ఆ కూర సాయంత్రం పారబోశాను.

ఇది చదివేవాళ్ళలో పాస్టరమ్మ గారు తెలిసినవాళ్ళు తక్కువే ఉంటారు. ఆవిడ స్టేజీ ఎక్కి మాట్లాడిన మనిషి కాదు. మా చర్చి గోడ మీద పాత పాస్టర్ల పేర్లు వరుసగా రాసి ఉంటాయి, అక్కడ వాళ్ళ భార్యల పేర్లు ఉండవు. అందుకే నాకు తెలిసినంత రాసి పెడుతున్నాను.

ఆవిడ పొట్టిగా, కాస్త ముందుకు వంగి నడిచేవారు. కొంగు చివర ఇంటి తాళం ముడేసుకునేవారు. టీ ఇస్తే ముందే సగం నా గ్లాసులోకి వంపేసేవారు. "ఎదుటివాళ్ళు తాగుతుంటే చూస్తూ కూర్చునేదానివి, నువ్వెప్పుడు తాగుతావమ్మా," అనేవారు. ఎవరింటికి వెళ్ళినా చేతులు ఊరికే ఉండేవి కావు. చిక్కుడుకాయలు కనిపిస్తే ఈనెలు తీసేవారు, చింతపండు కనిపిస్తే గింజలు తీసేవారు. మాటలు అయిపోయేసరికి మన పని అయిపోయి ఉండేది.

మా సంఘంలో ఆడవాళ్ళం ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు బియ్యం దేవుడికని వేరే డబ్బాలో వేస్తాం. నెలకోసారి అవన్నీ చర్చిలో ఒక పెద్ద డ్రమ్ములో పోస్తాం. ఎక్కువ భాగం లేనివాళ్ళకు వెళ్తుంది, కొంత పాస్టర్ గారి ఇంటికి వెళ్తుంది. ఇన్ని ఇళ్ళ బియ్యం కాబట్టి అందులో కొత్తవీ ఉంటాయి, పాతవీ ఉంటాయి, సన్నాలూ ఉంటాయి, రేషనువీ ఉంటాయి. వండితే సగం మెత్తగా ముద్దవుతుంది, సగం పలుకుగా ఉంటుంది. చుట్టూ ఇన్ని రైస్ మిల్లులున్న ఊళ్ళో ఆవిడ జన్మంతా ఆ అన్నమే తిన్నారు. ఒకసారి నేను జాలిపడితే నవ్వారు.

"సంఘం కూడా ఇంతే కదమ్మా. కొందరు ఉడుకుతారు, కొందరు ఎంత మంట పెట్టినా పలుకే. పలుకులు ఏరి పారేస్తే కంచంలో ఏం మిగులుతుంది?"

మా పెళ్ళి కుదిరి, ఎవరికైనా అభ్యంతరముందా అని చర్చిలో ప్రకటనలు చదువుతున్న వారాల్లో మా ఇద్దరినీ తమ ఇంటికి పిలిపించారు. అయ్యగారు వాక్యం చదివి, భర్త ఎలా ఉండాలో భార్య ఎలా ఉండాలో చెప్పి, ఎవరో వస్తే లేచి వెళ్ళారు. అప్పుడు ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు.

"ఆయన చెప్పినవన్నీ మంచివే. నేను ఒక్కటే చెప్తాను. ఇద్దరూ రోజూ కలిసి ప్రార్థన చేసుకోండి. కానీ ఎవరి కోసం వాళ్ళు అడుక్కోవద్దు. నీకేం కావాలో అతన్ని అడగనీ, అతనికేం కావాలో నువ్వు అడుగు."

"మరి నాకు కావాల్సింది ఆయన మర్చిపోతేనండి?" అన్నాను. అప్పటికి మావారితో నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండను.

"రోజూ గుర్తు చెయ్యి. మొగుడున్నది మరెందుకూ?"

మావారు తల దించుకుని నవ్వారు. ఆ నవ్వు నేను మొదటిసారి చూడటం అప్పుడే.

పెళ్ళయ్యాక మేం ఆ మాట పాటించాం గానీ పాడు చేసి పాటించాం. ప్రార్థనలో ఒకరినొకరు దెప్పుకునేవాళ్ళం. మామూలుగా అనడానికి మొహమాటమైన మాటలన్నీ కళ్ళు మూసుకోగానే వచ్చేవి. ఆయన, "ప్రభువా, నా భార్యకు నిదానంగా మాట్లాడే మనసు దయచేయుము," అనేవారు. నేను, "ప్రభువా, నా భర్తకు జీతం రోజున నేరుగా ఇంటికి వచ్చే బుద్ధి దయచేయుము," అనేదాన్ని. పక్క గదిలోంచి మా అత్తగారు ఆయన ప్రార్థనకు గట్టిగా ఆమెన్ అనేవారు. నా ప్రార్థనకు దగ్గేవారు.

ఈ సంగతి ఎలా తెలిసిందో, ఒక మధ్యాహ్నం పాస్టరమ్మ గారు వచ్చారు. గోంగూర కట్ట ముందేసుకుని ఆకు గిల్లుతూ అడిగారు.

"ఏంటమ్మా, మీ ఆయన మీద దేవుడికి చాడీలు చెప్తున్నావట?"

"ఆయన కూడా చెప్తున్నారండి."

"ఇద్దరూ చెప్తే దేవుడు ఎవరి మాట వినాలి? పైగా ఆయనకి తెలీని విషయమా ఇది? ఇవాళ్టి నుంచి కళ్ళు మూసుకునే ముందు మీ ఆయన్ని అడుగు. 'మీ కోసం ఏం అడగమంటారు?' అని. ఆయన ఏం చెప్తే అదే అడుగు. ఒక్క మాట కలపొద్దు."

ఆ సాయంత్రం ఆయన స్నానం చేసి వచ్చాక అడిగాను. తువ్వాలు దండెం మీద ఆరేసి వచ్చి, "మొన్న పంపిన లోడు తేమ ఎక్కువుందని వెనక్కొచ్చింది. తేమ చూసి రాసింది నేను. ఉద్యోగం తీసేస్తారేమోనని భయంగా ఉంది," అన్నారు. వారం రోజులుగా ఆయన అన్నం సగంలో వదిలేసి లేస్తుంటే, నా వంట మీద కోపమని నేను అనుకుంటున్నాను. ఆయన నన్ను అడిగితే గోదావరి బ్రిడ్జి గురించి చెప్పాను. మా పుట్టిల్లు నిడదవోలు దగ్గర. రైలు బ్రిడ్జి ఎక్కిందంటే నాకు కాళ్ళు చల్లబడతాయి, అవతలి గట్టు వచ్చేదాకా ఊపిరి ఆడదు. ఆయన నవ్వకుండా, "ఈవిడకి బ్రిడ్జి మీద భయం పోవాలి," అని ప్రార్థన చేశారు. భయం పోలేదు. కానీ తర్వాతి ప్రయాణంలో నన్ను కిటికీ దగ్గర కూర్చోనివ్వకుండా ఆయన కూర్చున్నారు.

మా కాపురం అలా నిలబడింది. ఆయన మితభాషి. నేను ఆయన గురించి తెలుసుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్న వల్లే తెలుసుకున్నాను. అది నాకు ఇచ్చినావిడ పాస్టరమ్మ గారు.

మాకు ఒక్కతే అమ్మాయి. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా రక్తంలో జబ్బని తేలింది. ఆ తర్వాత రెండేళ్ళు మా సాయంత్రాల్లో అడగడానికి వేరేది లేకపోయింది. "ఏం అడగమంటారు?" అంటే "నీకు తెలుసు కదా" అనేవారు. నన్ను అడిగితే నేనూ అదే అనేదాన్ని. ఒకరిది ఒకరం అడిగినా ఇద్దరం అడిగేది ఒకటే. మంచం మీంచి మా అమ్మాయి, "ఇద్దరూ ఒకటే అప్లికేషన్ పెడితే ఒకటి కొట్టేస్తారేమో నాన్నా," అని ఏడిపించేది.

మూడేళ్ళ క్రితం అది వెళ్ళిపోయింది.

వచ్చినవాళ్ళు అందరూ ఏదో ఒకటి చెప్పారు. దేవుడికి ఇష్టమైన పువ్వును కోసుకున్నాడని ఒకరు, ఆయన చిత్తం మనకు తెలియదని ఒకరు. పాస్టరమ్మ గారు ఏమీ చెప్పలేదు. వెనక పంపు దగ్గర కూర్చుని, జనం టీలు తాగిన గ్లాసులు, అన్నం గిన్నెలు తోముతున్నారు. నేను వెళ్ళి పక్కన కూలబడి, "ఎందుకండి అమ్మగారూ?" అన్నాను. బూడిద చేతులు అలాగే ఒళ్ళో పెట్టుకున్నారు.

"నాకు తెలీదమ్మా. ఇన్నేళ్ళ నుంచి అందరిళ్ళకీ వెళ్ళి ఏదో ఒకటి చెప్పాను. నిజంగా నాకు తెలీదు."

ఆ రోజు నేను విన్న మాటల్లో నాకు మింగుడు పడింది అదొక్కటే.

కర్మకాండలు మాకు లేవు. ఆదరణ కూడిక జరిగింది, చుట్టాలు వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం అలవాటు కొద్దీ ఆయన్ని అడిగాను. "ఏమీ వద్దు," అన్నారు. మర్నాడు అడిగాను. "ఏమీ వద్దు." ఒక్క మాట కలపకూడదని కదా మాకు నేర్పింది. ఆయన ఏమీ వద్దంటే నేను అడగడానికి ఏమీ లేదు. ఆయన నన్ను అడగడం మానేశారు. కొన్నాళ్ళకు సాయంత్రం ఆ వేళకు ఆయన వీధి అరుగు మీద, నేను వంటింట్లో ఉండిపోవడం మొదలైంది. పోట్లాట లేదు. ఉప్పు కావాలా, గొడుగు తీసుకెళ్తారా, ఇంతే మాటలు. చర్చికి వచ్చేవారు గానీ వెనక వరుసలో, తలుపు పక్కన, స్కూటర్ తాళాలు చేతిలో పట్టుకునే కూర్చునేవారు.

నాకు దేవుడు దూరమయ్యాడని కాదు నా బాధ. ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు. మనిషి దూరమయ్యారు. మావారి లోపల ఏముందో తెలుసుకోడానికి నాకున్నది ఒక్కటే తలుపు, అది మూసుకుంది.

అప్పుడు పాస్టరమ్మ గారు గురువారాలు రావడం మొదలుపెట్టారు. ఎవరూ పిలవలేదు. షేర్ ఆటోలో వచ్చి వీధి చివర దిగి నడిచి వచ్చేవారు. మమ్మల్నిద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, మధ్యలో తను కూర్చునేవారు.

"ఏం నాయనా, నీ కోసం ఏం అడగమంటావు?"

"ఏమీ లేదండి."

"సరే. అదే చెప్తాను." కళ్ళు మూసుకునేవారు. "ప్రభువా, ఈ అబ్బాయికి ఏమీ వద్దట. విన్నావు కదా. ఆమెన్."

మళ్ళీ గురువారం మళ్ళీ అదే. ఒకసారి మావారికి కోపం వచ్చింది. ఆయన కోపం నేను చూసింది తక్కువ.

"రెండేళ్ళు అడిగాం కదండీ అమ్మగారూ. మీరూ అడిగారు, అయ్యగారూ అడిగారు. ఏమిచ్చాడండి?"

"ఏమీ ఇవ్వలేదు నాయనా."

"మరి మళ్ళీ ఎందుకొస్తున్నారు?"

"నీతో వాదించడానికైతే కాదు. వాదిస్తే నువ్వే గెలుస్తావు. మీ ఆవిడ టీ బాగా పెడుతుంది."

ఆయన లేచి అరుగు మీదకు వెళ్ళిపోయారు. ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. ఇద్దరం టీ తాగాం. వెళ్ళేటప్పుడు అరుగు మీద ఆయన పక్కన నిలబడి, "వచ్చే గురువారం వస్తాను నాయనా," అని చెప్పి మరీ వెళ్ళారు. వచ్చారు కూడా. ఆయన లోపలికొచ్చి కూర్చున్నారు, మళ్ళీ ఏమీ లేదన్నారు.

ఆవిడ ఇంట్లో సుఖం ఉండి ఇదంతా చేశారనుకోకండి. అప్పటికే అయ్యగారికి ప్రార్థన సగంలో మాట ఆగిపోయేది. ఒకరోజు నేను బియ్యం డబ్బా ఇవ్వడానికి వెళ్తే, ఇద్దరూ ప్రార్థనకు కూర్చుని ఉన్నారు. "మీ కోసం ఏం అడగమంటారండి?" అని ఆవిడ అడిగారు. ఆయన ఆలోచించి, "అన్నం పెట్టమను," అన్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈయనకి అన్నం పెట్టుము, ఆమెన్," అని లేచి వెళ్ళి కంచంలో పెట్టుకొచ్చారు. నా వైపు చూసి, "ఇంత తొందరగా జవాబొచ్చే ప్రార్థన నేనెప్పుడూ చేయలేదమ్మా," అన్నారు. ఆయన ఆవిడ కోసం ఏం అడగాలో అడగలేదు. అన్నం కలుపుకుంటున్నారు. ఆవిడ కాసేపు ఎదురు చూసి, పలుకులు ఏరి ఆయన కంచం అంచున పెట్టడం మొదలుపెట్టారు.

ఈ వర్షాకాలంలో ఆవిడ మంచాన పడ్డారు. కాలేయం పాడైందన్నారు. రాజమండ్రి తీసుకెళ్ళారు. మావారూ నేనూ చూడటానికి వెళ్ళాం. దిండు మీద ముఖం ఇంతైపోయింది, కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి. అంత నీరసంలోనూ నా చేతిలోని సంచీ వైపు చూసి, "ఏం తెచ్చావు, చిక్కుడుకాయలా? ఇలా ఇయ్యి," అన్నారు. నవ్వలేకపోయాను.

"గురువారం కూర్చుంటున్నారా?"

"లేదండి."

"నేను మంచమెక్కినప్పట్నుంచీ గురువారాలు నాకు బాకీ పడ్డారు మీరు. ఒక్కటైనా తీర్చండి. నోరు మెదపక్కర్లేదు. కూర్చోండి చాలు."

మావారు ఫ్లాస్కు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. విన్నారో లేదో తెలియలేదు. "మీ కోసం ఏం అడగమంటారండి?" అని ఆవిడను అడిగాను. ఇన్నేళ్ళలో ఆవిడను ఆ మాట అడగడం అదే మొదలు. ఏదైనా పెద్ద మాట చెప్తారనుకున్నాను.

"నొప్పి తగ్గాలని అడుగమ్మా."

అడిగాను. తగ్గలేదు. నర్సు వచ్చి ఇంజక్షన్ ఇచ్చింది, కాసేపటికి మగతలోకి వెళ్ళారు. మళ్ళీ మాట్లాడలేదు.

బుధవారం చర్చి ముందు షామియానా వేసి ఫ్రీజర్ పెట్టె ఉంచారు. అయ్యగారికి తెల్ల చొక్కా వేసి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన జనాన్ని చూస్తూ, "ఎవరమ్మా పోయింది?" అని అడుగుతున్నారు. ఎవరో, "అమ్మగారేనండి," అని చెప్పారు. ఆ క్షణంలో ఆయనకు తెలిసింది. ఆ ముఖం నేను రాయలేను. కాసేపటికి అది మర్చిపోయి, "ఎవరమ్మా పోయింది?" అని మళ్ళీ అడిగారు. ఈసారి నిజం చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. "మన సంఘం ఆవిడేనండి," అన్నారు.

"అలాగా. ఇంటివాళ్ళెవరు? ముందు ఇంటివాళ్ళతో ప్రార్థన చేయాలి," అని చుట్టూ చూశారు.

మావారు ఫ్యాను ఆయన వైపు తిప్పుతున్నారు. ఆ ముఖంలో ఏం కనిపించిందో, పోయినావిడ భర్త ఈయనే అనుకున్నారు అయ్యగారు. చెయ్యి పట్టుకుని పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నారు.

"నీ కోసం ఏం అడగమంటావు బాబూ?"

నేను పక్కనే ఉన్నాను. ఏమీ లేదండి అంటారని నాకు తెలుసు.

"మా అమ్మాయి కావాలండి," అన్నారు మావారు.

అయ్యగారు ఆశ్చర్యపోలేదు. మావారి తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, ఈ బాబుకి వాళ్ళ అమ్మాయి కావాలట. ఇప్పించు. ఆమెన్."

మావారు కూడా ఆమెన్ అన్నారు. అయ్యగారు కళ్ళు తెరిచి, "అన్నం తిన్నావా?" అని అడిగారు.

చూసినవాళ్ళు ఒకరిద్దరు, దేవుడు మీ ఆయన్ని ముట్టాడమ్మా, ఇక మామూలు మనిషి అవుతారని నాతో అన్నారు. నాకు అలా అనిపించలేదు. మూడేళ్ళుగా ఆయన ఏమీ వద్దన్నది ఏమీ లేక కాదని, ఉన్న ఒక్కటీ అడగడానికి వీల్లేనిది కాబట్టేనని తెలిసింది. తెలిస్తే ఏం చేస్తాం. సమాధుల తోటలో ఆవిడ మీద మట్టి వేసి వచ్చేశాం. ఆవిడ ఉండి ఉంటే వెళ్ళి చెప్పేదాన్ని. "నాకు తెలీదమ్మా" అనైనా అనేవారు. ఇప్పుడు ఆ మాట అనేవాళ్ళు కూడా లేరు.

మర్నాడు గురువారం. మావారు మిల్లు నుంచి వచ్చి స్నానం చేశారు. అరుగు మీదకు వెళ్ళలేదు. గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చున్నారు. నేను గరిట పక్కన పెట్టి వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. నేను ఆయన్ని ఏమీ అడగలేదు. అడగాల్సిన పని లేదు.

"నీకు?" అన్నారాయన.

మూడేళ్ళుగా ఈ ప్రశ్న కోసం కనిపెట్టుకుని ఉన్నాను. అడిగితే ఏం చెప్పాలో కూడా అనుకుని ఉంచుకున్నాను. మా అమ్మ చూపు గురించి, నా మోకాళ్ళ గురించి, మీరు నాతో మాట్లాడాలి అని. అవేవీ ఇప్పుడు అడగాలనిపించలేదు. ఎంత వెతికినా లోపల ఇంకేమీ లేదు.

"నాకూ అదేనండి," అన్నాను.

ఆయన తలూపారు. ఆయనది నేను అడగాలి, నాది ఆయన అడగాలి. ఇద్దరం నోరు తెరవలేదు. వీధిలో ధాన్యం లారీ ఒకటి వెళ్ళింది. కిటికీ రెక్కలు గడగడలాడి ఆగిపోయాయి. ఆయన తల సరిగా తుడుచుకోలేదు, చెవి వెనక నుంచి నీళ్ళు మెడ మీదికి జారి బనీను అంచు తడుపుతున్నాయి. పూర్తిగా చీకటి పడేదాకా, ఇక ఆ నీళ్ళు కనిపించనంతవరకూ అలాగే ఉన్నాం. ఎవరమూ లేచి లైటు వేయలేదు.

పాస్టరమ్మ గారికి మేం పడ్డ బాకీల్లో ఒక గురువారం. తీరింది.